చంద్రయాన్‌ను విసిరింది భూమేనా?

చంద్రయాన్-3 భూమి చుట్టూ చుట్లు తిరిగి చంద్రుణ్ణి చేరిన తీరుపై ఒక విలేఖరికీ, భౌతికశాస్త్ర అధ్యాపకురాలికీ మధ్య జరిగిన వాదం ఇది.

విలేఖరి: మేడమ్, 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన నౌక ప్రతి చుట్టులోనూ భూమి గురుత్వాకర్షణ నుంచి శక్తిని పుంజుకుని, చివరికి ఒడిసెల రాయిలా చంద్రుడి వైపు దూసుకుపోయిందని మేము రాశాం. అందులో తప్పేముంది?

అధ్యాపకురాలు: శక్తిని పుంజుకుందన్నదే తప్పు. ఆ నౌక తొలి కక్ష్య భూమికి దగ్గరి కొసన సుమారు 170 కిలోమీటర్ల ఎత్తులో, దూరపు కొసన సుమారు 36,500 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. లెక్క కడితే దగ్గరి కొసన వేగం సెకనుకు 10.3 కిలోమీటర్లు, దూరపు కొసన 1.6 కిలోమీటర్లు వస్తుంది. కిందికి దిగేటప్పుడు భూమి ఎంత వేగం ఇస్తుందో, పైకి ఎక్కేటప్పుడు అంతా వెనక్కి తీసేసుకుంటుంది. ఇంజిన్‌ను మండించకుండా ఎన్ని చుట్లు తిరిగినా పై ఎత్తు పెరగదు. కింది కొసన తగిలే పలుచని గాలి రాపిడికి తగ్గుతుంది కూడా.

విలేఖరి: అలాగైతే ఆ ఎత్తు పెంచడానికి ఇస్రో ఇంజిన్‌ను దగ్గరి కొసనే ఎందుకు మండించింది? వేగం ఎక్కువగా ఉన్నచోట అదే ఇంధనం ఎక్కువ ఫలితమిస్తుందని తరగతిలో మీరే చెబుతారు. ఆ వేగం ఇచ్చింది గురుత్వమేగా!

అధ్యాపకురాలు: ఈ ప్రశ్న గట్టిది, దాటవేయను. దగ్గరి కొసన సెకనుకు 100 మీటర్ల వేగం చేర్చితే నౌకలో ప్రతి కిలోకూ సుమారు 10 లక్షల జౌళ్ల గతిశక్తి పెరుగుతుంది. అదే పని దూరపు కొసన చేస్తే పెరిగేది లక్షా 60 వేలే. కానీ ఆ తేడాను భూమి తన దగ్గరి నుంచి ఇవ్వలేదు. మండబోయే ఇంధనం కూడా నౌకతోపాటే అంత వేగంతో పరుగెడుతోంది, అంటే దానిలోనూ గతిశక్తి ఉంది. వాయువులను వెనక్కి చిమ్మినప్పుడు వాటి వేగం పడిపోయి, ఆ శక్తిలో పెద్ద వాటా నౌకకు చేరుతుంది. ఆ ఇంధనాన్ని అంత ఎత్తుకు మోసిన శక్తి రాకెట్‌ది. శక్తిని ఎక్కడ ఖర్చుపెడితే లాభమో ఆ చోటును గురుత్వం ఏర్పరిచింది, అంతవరకు మీ మాట ఒప్పుకుంటాను. మీరు చెప్పే ఒడిసెల నిజంగా చూడాలంటే 1979లో గురుగ్రహం పక్క నుంచి వెళ్లిన అమెరికా వ్యోమనౌక వాయేజర్-2ను చూడండి. సూర్యుడి చుట్టూ పరుగెడుతున్న ఆ గ్రహం తన గమనంలోంచి కొలవలేనంత చిన్న పాలు కోల్పోయింది, నౌక అంత మేరకు వేగం పొందింది. భూమినే చుడుతున్న నౌకకు భూమి నుంచి అలాంటి లాభం రాదు.

విలేఖరి: సరే, మరి అన్ని చుట్లెందుకు? అదే ఏడాది రష్యా లూనా-25 ఆగస్టు 11న బయలుదేరి 16కల్లా చంద్రుడి కక్ష్యలో ఉంది. మనకు 22 రోజులు. పేదరికాన్ని తెలివిగా చూపిస్తున్నామేమో!

అధ్యాపకురాలు: ఆ లూనా 19న కూలిపోయింది కదా.

విలేఖరి: కూలింది చంద్రుడి దగ్గర, దారిలో కాదు. ఆ వాదన చెల్లదు. పైగా ప్రతి చుట్టులోనూ నౌక భూమి చుట్టూ ఉన్న, ప్రాణాలకు హాని చేసే వికిరణ వలయాలను దాటాలి. మనుషులను ఈ దారిలో పంపగలరా?

అధ్యాపకురాలు: చెల్లదు, నిజమే. మనుషులకు ఈ దారి పనికిరాదన్నదీ నిజమే. మన రాకెట్ దాదాపు 3,900 కిలోల నౌకను నేరుగా చంద్రుడి దారిలో పెట్టలేదు. నౌకలోని ఇంజిన్ నెట్టే బలం 440 న్యూటన్లే, అంటే భూమ్మీద 45 కిలోల బరువును ఆపగలిగేంత. మిగతా వేగమంతా ఒకే విడతలో చేర్చాలంటే అది గంటకు పైగా మండాలి, ఆలోపు నౌక దగ్గరి కొసను వదిలి ఎంతో దూరం వెళ్లిపోతుంది. అందుకే చుట్టుకు కొంచెం చొప్పున పంచారు.

విలేఖరి: చివర్లోనైనా చంద్రుడి గురుత్వం నౌకను పట్టుకుందిగా?

అధ్యాపకురాలు: దానంతటది పట్టుకోలేదు. ఆగస్టు 5న ఇంజిన్‌ను ఎదురు దిశలో మండించి వేగం తగ్గించబట్టే నౌక చంద్రుడి చుట్టూ 164 కిలోమీటర్లు, 18,074 కిలోమీటర్ల ఎత్తుల మధ్య కక్ష్యలో నిలిచింది. మండించకపోయి ఉంటే చంద్రుడు దాని దారిని వంచేవాడే గాని, తన దగ్గర నిలుపుకునేవాడు కాదు.