గాలికీ కాటా వేయాలి

ఆదోని మార్కెట్ యార్డుకు వేరుశనగ తెచ్చిన రైతు, బస్తాను కంటితో చూసి చెప్పిన బరువుకు ఒప్పుకోడు. కాటా వేయమంటాడు. ముల్లు ఆగేదాకా అక్కడే నిలబడతాడు. గాలిలోకి మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ విషయంలో మాత్రం ఇంకా ఎక్కువగా కంటిచూపు లెక్కతోనే సరిపెట్టుకుంటున్నాం. ఎంత బొగ్గు కాలింది, ఎంత డీజిల్ అమ్ముడైంది, ఎంత సిమెంటు తయారైంది అని పుస్తకాలు చూసి గుణిస్తే వచ్చే లెక్క అది. అదీ అవసరమే. కానీ గాలిలో నిజంగా ఎంత చేరిందో గాలినే అడగాలి.

ఈ రెండు లెక్కలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టేవి రసాయన రవాణా మోడళ్లు, అంటే గాలిలో ఏ వాయువు ఎక్కడికి చేరుతుందో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు. వాటిలో జియోస్-కెమ్ పేరున్నది, ఎవరైనా ఉచితంగా తీసుకుని నడుపుకోవచ్చు. ఇది భూగోళమంతటినీ గడులుగా విడదీస్తుంది. ఒక్కో గడి మీద ఆకాశాన్ని అరలు అరలుగా పేరుస్తుంది. బొగ్గు, పెట్రోలు, సిమెంటు, అడవి మంటలు, ఓడలు, విమానాల నుంచి వచ్చినదాన్ని కలుపుతుంది. చెట్లు, సముద్రం తీసుకున్నదాన్ని తీసేస్తుంది. ఆనాడు వీచిన గాలుల లెక్క ప్రకారం మిగిలినదాన్ని గడి నుంచి గడికి నడిపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ లాంటివి పైన గాలిలోనే మారి ఏడాదికి సుమారు 100 కోట్ల టన్నుల కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్ రూపంలో చేరుస్తాయి. దాన్ని కూడా నేల మీదే పుట్టినట్టు రాసుకుంటే లెక్క తప్పుతుంది. చివరికి మోడల్ చెప్పిన అంకెను కొలిచిన అంకె పక్కన పెట్టి చూస్తారు.

కొలిచిన అంకె ఉంటేనే కదా పక్కన పెట్టేది! హవాయిలోని మౌనాలోవా కొండ మీద 1958లో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ కొలత మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 2024 సగటు 424 దాటింది. మన దేశంలో 1993లో గోవా తీరాన కేప్ రామాలో గాలిని సీసాల్లో పట్టి ఆస్ట్రేలియాకు పంపి పరీక్ష చేయించారు. ఇప్పుడు మన రాయలసీమలోనే, తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. ఇవి చాలవన్నది మా అభిప్రాయం.

ఎందుకో గడి సైజు చూస్తే తెలుస్తుంది. ప్రపంచమంతటికీ నడిపేటప్పుడు తరచూ వాడే గడి మన దగ్గర ఇటు 220, అటు 270 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కర్నూలు, కడప, అనంతపురం మూడూ ఇమిడిపోయేంత జాగా. అంత గడికీ, ఒక్కో అరలో ఒకటే అంకె. ముద్దనూరు దగ్గరి 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రం చిమ్నీకీ, మార్చిలో ఆకు రాల్చి వానలకు మళ్లీ చిగురించే నల్లమలకూ, వాన కోసం ఎదురుచూసే కళ్యాణదుర్గం చేలకూ అదే. మన వంటగట్టు మీద పరిచిన కడప నల్లబండ కూడా సున్నపురాయే. సిమెంటు బట్టీలో 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పైకి పోతుంది. అందుకు బొగ్గు కాల్చింది వేరే. ఇదంతా ఒక సగటులో కలిసిపోతే మన సీమ ఎంత వదులుతోందో, ఎంత పీల్చుకుంటోందో ఎవరు చెప్పగలరు?

ఇంకో చిక్కు ఉంది. చలికాలం తెల్లవారుజామున మన ఊళ్లలో పొయ్యి పొగ పైకి పోకుండా మిద్దెల మీదే పరుచుకుని ఉండటం అందరం చూసిందే. నేలను అంటుకుని ఉన్న పలుచని చల్లగాలి పొర దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. రాత్రంతా చెట్లూ మట్టీ వదిలిన కార్బన్ డయాక్సైడ్ కూడా అందులోనే పోగవుతుంది. ఎండ ఎక్కేకొద్దీ ఆ పొర పైకి లేచి, వేసవి మధ్యాహ్నాల్లో రెండు, మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి కలగలిసిపోతుంది. ఈ ఎత్తును మోడల్ తప్పుగా పట్టుకుంటే, వదిలింది కొంచెమే అయినా ఎక్కువగా కనిపిస్తుంది, ఎక్కువ వదిలినా కొంచెంగానే కనిపిస్తుంది. ఆ తప్పును నేల మీది కొలతే దిద్దాలి. సముద్రతీరంలో పట్టిన సీసా గాలి మన మెట్ట నేలల సంగతి ఎంతని చెబుతుంది?

2070 నాటికి నెట్ జీరో, అంటే వదిలినంతా తిరిగి తీసేసే స్థితి, సాధిస్తామని 2021లో గ్లాస్గోలో దేశం మాట ఇచ్చింది. కర్నూలు దగ్గరి గని, శకునాల గ్రామాల భూముల్లో అంతకుముందే వచ్చిన 1,000 మెగావాట్ల సోలార్ పార్కు కూడా ఆ దారిలోదే. ఆ భూముల్లో కొన్ని మన రైతులిచ్చినవే. ఆ మార్పు గాలిలో ఎంత కనిపిస్తోందో తెలుసుకునే హక్కు వాళ్లకుంది.

అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం గాలిలోని ధూళి, మసి కణాలను ఇస్రో నెట్‌వర్క్‌లో భాగంగా ఏళ్లుగా కొలుస్తోంది. మన దగ్గర మనుషులున్నారు, అనుభవముంది. కావలసింది గాలిని రాత్రీ పగలూ కొలిచే మూడు టవర్లు, వాటిని ఏళ్ల తరబడి నడిపేందుకు నికరమైన డబ్బు. ఒకటి పడమటి గాలి వీచేటప్పుడు చిమ్నీల పొగ వెళ్లే దిక్కున, ముద్దనూరుకు తూర్పుగా పెట్టాలి. రెండోది నల్లమల అంచున ఆత్మకూరు వైపు, మూడోది అనంతపురం వేరుశనగ చేల మధ్య. అంకెలను ఏ రోజుకారోజు అందరికీ కనిపించేలా పెట్టాలి. ప్రభుత్వం వచ్చే బడ్జెట్‌లోనే దీనికి పద్దు కేటాయించాలని కోరుతున్నాం.