గంటల లెక్క కన్నా చేతి సాధన అవసరం

న్యాయవాదులకు ఏటా కొన్ని గంటల వృత్తి శిక్షణను తప్పనిసరి చేయాలని ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసం కోరింది. విశాఖపట్నంలో ప్రాక్టీసు చేస్తున్న నేను ఆ సూచనను సమర్థిస్తాను గానీ, గంటల లెక్కపై వ్యాసకర్తకున్న నమ్మకం నాకు లేదు. లా డిగ్రీ తరువాత ప్రాక్టీసు అర్హత కోసం రాసే అఖిల భారత బార్ పరీక్షను ఒకసారి గట్టెక్కితే, ఆ తరువాత చదివారా లేదా అని అడిగే నాథుడు లేడు. మా సీనియర్లకైతే ఆ ఒక్క పరీక్షా లేదు.

2024 జూలై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాక ఈ లోటు బయటపడింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 482వ సెక్షన్ అంటే, కేసును కొట్టేయమని హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్. దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో అదే అంకె ముందస్తు బెయిలుది, క్వాష్‌కు 528 చూడాలి. ఇది పట్టిక దగ్గరుంచుకుంటే తీరే చిక్కే. కొత్త సాక్ష్య చట్టమైన సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ అలా కాదు. వాట్సాప్ సంభాషణనో సీసీ కెమెరా దృశ్యాన్నో దాఖలు చేసేటప్పుడు జతపరచే ధ్రువపత్రంలో ఇప్పుడు రెండు భాగాలున్నాయి. మొదటిది దాఖలు చేసే పక్షం, రెండోది నిపుణుడు పూరించాలి, రెండింటిలోనూ హ్యాష్ విలువనూ (ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు), దానిని ఏ అల్గారిదంతో, అంటే ఏ లెక్కింపు పద్ధతితో రాబట్టారో కూడా రాయాలి. పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రం నమూనాలోనే సెక్షన్ నంబరు మార్చి సంతకం పెట్టించే అలవాటు (టైపిస్టు కంప్యూటర్‌లో అది సిద్ధంగా ఉంటుంది మరి) ఉపన్యాసాలు వింటే పోదు.

సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. అక్కడి అధ్యాపకులతో, సైబర్ నిపుణులతో కలిసి ఆ పత్రాన్ని స్వయంగా పూరించే తరగతులను బార్ అసోసియేషన్ సెలవు రోజుల్లో నడపవచ్చు. జూనియర్ల వద్ద రుసుము మాత్రం తీసుకోకూడదు.