గిబియా కథలో అసలు నేరం మిస్పాలో జరిగింది

న్యాయాధిపతుల గ్రంథం చివరి మూడు అధ్యాయాల మీద ప్రసంగం వినపడటమే అరుదు. వినపడినా ముగింపు ఏమిటో ముందే చెప్పేయొచ్చు. ఆ రోజుల్లో ఇశ్రాయేలుకు రాజు లేడు, ఎవరికి తోచినట్టు వాళ్లు నడిచారు, అందుకే ఇంత ఘోరం జరిగింది. 21:25 చదివి బైబిల్ మూసేస్తారు. లేవీయుడి ఉపపత్ని కథ మొత్తానికి అదే తాళంచెవి అనుకుంటారు. కానీ ఆ చెవి ఈ తాళానికి పట్టదు. ఈ మూడు అధ్యాయాల్లో అరాచకం ఉన్నది ఒక్క రాత్రే. మిగతాదంతా పద్ధతి ప్రకారం నడిచిన వ్యవహారం. మిస్పాలో సభ కూడింది, సాక్ష్యం విన్నారు, తీర్మానం చేశారు, దేవుణ్ణి అడిగారు, ఉపవాసం ఉన్నారు, బలులు అర్పించారు, పెట్టిన ఒట్టు నిలబెట్టుకున్నారు. ఒక స్త్రీకి జరిగిన అన్యాయం ఆరువందల మంది స్త్రీల దాకా పాకింది ఆ పద్ధతి వల్లే.

కథ తెలిసిందే. పుట్టింటికి వెళ్లిపోయిన ఉపపత్నిని నాలుగు నెలల తర్వాత బతిమాలి తెచ్చుకోవడానికి బేత్లెహేము వెళ్తాడు ఎఫ్రాయిము కొండసీమ లేవీయుడు. మామగారి మర్యాదలు ఐదో రోజు దాకా సాగుతాయి. ఆ రోజు పొద్దు వాలాక బయల్దేరడంతోనే చిక్కు మొదలవుతుంది. బేత్లెహేము నుంచి యెబూసు, అంటే యెరూషలేము, ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. గాడిదలతో రెండు గంటల నడక. ఇక్కడే ఆగుదామంటాడు పనివాడు. పరాయివాళ్ల ఊళ్లో వద్దు, మనవాళ్ల గిబియాకు పోదామంటాడు యజమాని. గిబియా బెన్యామీను గోత్రం ఊరు, అక్కడికి ఉత్తరాన మరో ఐదు కిలోమీటర్లు. మనవాళ్లు ఆ రాత్రి ఏం చేశారో 19వ అధ్యాయంలో ఉంది: ఆశ్రయమిచ్చిన ముసలాయన ఇంటిని చుట్టుముట్టి, చివరికి ఆమెను తెల్లారేదాకా చెరిచారు. అయితే ఆమెను పట్టుకుని గుంపు ముందుకు నెట్టింది గిబియావాళ్లు కాదు, లేవీయుడే. తెల్లారి గడప మీద చేతులు వేసి పడి ఉన్న మనిషితో అతనన్నది ఒక్కటే: లే, పోదాం. జవాబు రాలేదు. ఇంటికి తీసుకెళ్లి పన్నెండు ముక్కలు చేసి దేశం నలుమూలలా పంపాడు. కత్తి పట్టేనాటికి ఆమెలో ప్రాణం ఉందో లేదో హీబ్రూ పాఠం చెప్పదు. గ్రీకు అనువాదకులకు అది మింగుడుపడక, ఆమె చనిపోయి ఉందని 28వ వచనంలో చేర్చారు.

తరాలు గడిచేకొద్దీ జనం దిగజారి చివరికి ఇక్కడికి చేరారని చెప్పడం ఒక అలవాటు. గ్రంథమే ఆ మాట ఒప్పుకోదు. 20:28 చూడండి: మందసం (నిబంధన పెట్టె) ముందు నిలబడిన యాజకుడు ఫీనెహాసు, ఎలియాజరు కొడుకు, మోషే అన్న అహరోనుకు మనవడు. దీనికి ముందు 17, 18 అధ్యాయాల్లో ఇంకో కథ ఉంది, అందులో దాను గోత్రంవాళ్ల విగ్రహానికి పూజారిగా కుదిరిన కుర్ర లేవీయుడు ఎవరో 18:30 చెబుతుంది: యోనాతాను, గెర్షోము కొడుకు, మోషే మనవడు. అంటే ఈ రెండు కథలూ సమ్సోను తర్వాతి కాలానివి కావు. కనాను చేరిన తొలి తరాలవి. ఒకటో శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా తన చరిత్రలో గిబియా యుద్ధాన్ని న్యాయాధిపతులందరికంటే ముందే పెట్టాడు. వీటిని పట్టుకొచ్చి చివర కూర్చోబెట్టింది సంకలనకర్త. ఎందుకు కూర్చోబెట్టాడు? పతనానికి కాలం అక్కర్లేదని, రెండు తరాలు చాలని చెప్పడానికే అంటాను. మోషే మనవడి సంగతి లేఖకులను ఎంత ఇబ్బంది పెట్టిందంటే, హీబ్రూ ప్రతుల్లో మోషే పేరు మధ్య ఒక అక్షరాన్ని వరుసకు పైన రాసి, మనష్షే అని చదువుకునే వీలు కల్పించారు. తాతగారి పరువు తాపత్రయం!

గ్రంథం నడకలో ఇంకో వరుస ఉంది. ఒకటో అధ్యాయంలో కాలేబు కూతురు అక్సా గాడిద దిగి తండ్రిని నిలదీసి నీటి మడుగులు అడిగి పుచ్చుకుంటుంది. నాలుగులో దెబోరా తీర్పులు చెబుతుంది, సైన్యాన్ని నడిపిస్తుంది. పదకొండులో యెఫ్తా కూతురు చావు తప్పించుకోలేకపోయినా రెండు నెలల గడువు అడిగి తీసుకుంటుంది. పంతొమ్మిదిలో ఈమె నోట ఒక్క మాట లేదు. గాడిద ఇక్కడా ఉంది, శవంలా పడిన మనిషిని ఎక్కించడానికి.

ఇక మిస్పా సభ. లేవీయుడు పంపిన ముక్కలు చూసి గోత్రాలవాళ్లు అక్కడ చేరారు. కత్తి దూసే కాల్బలం 4,00,000 మంది కూడారని లెక్క. (ఇవి జనాభా లెక్కల అంకెలు కావని పండితులంటారు. కాకపోవచ్చు. కథకుడు మాత్రం వాటిని పైసాతో సహా లెక్క చెబుతున్నాడు, కాబట్టి మనమూ చూడాలి.) సభ అడిగింది ఒకే ప్రశ్న: ఈ చెడ్డపని ఎలా జరిగింది? అడిగింది ఒక్కణ్ణే, లేవీయుణ్ణే. అతని వాంగ్మూలాన్ని 19వ అధ్యాయం పక్కన పెట్టి చదివితే కోతలన్నీ కనిపిస్తాయి. ఇంటిని చుట్టుముట్టింది ఊళ్లోని పోకిరీలని 19:22 అంటే, 20:5లో అది గిబియావాళ్ల పని అయిపోయింది. వాళ్లు అడిగింది అతనితో కూడటానికి. ఇతను చెప్పింది తనను చంపబోయారని. ఆమెను పట్టుకుని బయటికి తోసిన చేయి తనదేనన్న ముక్క ఎక్కడా లేదు. ముసలాయన సొంత కూతుర్ని కూడా ఇవ్వజూపాడన్నదీ లేదు. చివర ఒక్క ముక్తాయింపు: ఆమె చచ్చిపోయింది.

పనివాణ్ణి పిలిపించలేదు. ఆశ్రయమిచ్చిన ముసలాయన్ని పిలిపించలేదు. బేత్లెహేము నుంచి తండ్రినీ పిలిపించలేదు. ధర్మశాస్త్రం తెలియక కాదు. ఏ మనిషి నేరమైనా ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదే తేలాలని ద్వితీయోపదేశకాండము 19:15. ఒక ఊరు ఊరే చెడిందని వినబడితే ఏం చేయాలో అదే గ్రంథం 13వ అధ్యాయం చెబుతుంది: ముందు వెతకాలి, విచారించాలి, బాగా అడిగి తెలుసుకోవాలి, నిజమని తేలాకే ఊరిని, పశువులను కత్తికి అప్పగించి, తగలబెట్టాలి. న్యాయాధిపతులు 20:48లో బెన్యామీను ఊళ్లకు పట్టిన గతి ఇదే: మనుషులు, పశువులు, దొరికినదల్లా కత్తిపాలు, ఊళ్లు నిప్పుపాలు. శిక్ష భాగం తు.చ. తప్పకుండా అమలైంది. విచారణ భాగం మాత్రం ఎగిరిపోయింది. కౌరవ సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడంతటివాడు నీళ్లు నమిలాడు. మిస్పాలో అడగడానికి మనిషే మిగల్లేదు.

నేరస్థులను అప్పగించమని కబురు పంపలేదా అంటే, పంపారు. బెన్యామీనీయులు కాదన్నారు, ఆ తప్పు వాళ్లదే. కానీ వరస గమనించండి. ఎవరూ ఇంటికి పోకూడదని, చీట్లు వేసి గిబియా మీదికి పోవాలని, తిండి సరఫరాకు నూటికి పది మంది చొప్పున తీయాలని 8 నుంచి 10 దాకా వచనాల్లో తీర్మానమైపోయింది. కబురు వెళ్లింది 12లో. సైన్యానికి బియ్యం పప్పు సిద్ధం చేసుకున్నాక పంపే రాయబారానికి విలువెంత?

దేవుణ్ణి అడిగిన తీరూ అంతే. మొదటిసారి అడిగింది యుద్ధానికి వెళ్లాలా వద్దా అని కాదు, ఎవరు ముందు వెళ్లాలని. యూదా అని జవాబు వచ్చింది, గెలుపు మాట రాలేదు. 22,000 మంది పోయారు. రెండోసారి ఏడ్చి, మళ్లీ వెళ్లమంటావా అన్నారు. 18,000 మంది పోయారు. మూడోసారి ఉపవాసం ఉండి, బలులు అర్పించి, వెళ్లమంటావా, మానమంటావా అని అడిగారు. మానడం అనే దారి ఒకటుందని అప్పటికి తట్టింది. రేపు వాళ్లను నీ చేతికిస్తానన్న మాట అప్పుడే వచ్చింది. దేవుడు గెలిపించాడు కాబట్టి యుద్ధం సరైనదేనని వాదించేవాళ్లు 40,000 పీనుగులు లేచాక గానీ ఆ మాట రాలేదని మరచిపోతారు. మూడో రోజు బెన్యామీను వైపు 25,100 మంది కూలారు. 600 మంది రిమ్మోను బండకు పారిపోయి నాలుగు నెలలు దాక్కున్నారు.

నన్ను అన్నిటికంటే పట్టి ఊపేది ఆ తర్వాతి అధ్యాయం. మన కూతుళ్లను బెన్యామీనీయులకు ఇవ్వకూడదని మిస్పాలో ఒట్టు పెట్టుకున్నారు. స్త్రీలు, పిల్లలు సహా ఆ గోత్రాన్ని తుడిచిపెట్టాక, అయ్యో ఒక గోత్రం తగ్గిపోయిందే అని ఏడ్చారు. దీనికి మందు ధర్మశాస్త్రంలోనే ఉంది. అనాలోచితంగా ఒట్టు పెట్టుకున్నవాడు తప్పు ఒప్పుకుని, మందలోంచి ఒక ఆడ గొర్రెపిల్లనో మేకపిల్లనో పాపపరిహారబలిగా తేవాలని లేవీయకాండము 5:4-6 చెబుతుంది. ఖర్చు ఒక మేకపిల్ల. మర్నాడు పొద్దున్నే లేచి బలిపీఠం కట్టారు, దహనబలులు, సమాధానబలులు అర్పించారు. పాపపరిహారబలి మాత్రం లేదు, ఎందుకంటే దానికి ముందు తప్పు ఒప్పుకోవాలి. దాని బదులు ఇంకో ఒట్టు వెతికి తీశారు: మిస్పాకు రానివాడు చావాలి. రానిదెవరు? యాబేష్గిలాదు. 12,000 మందిని పంపి ఆ ఊళ్లో మగవాళ్లను, పెళ్లైన ఆడవాళ్లను, పిల్లలను నరికి, 400 మంది కన్యలను పట్టుకొచ్చారు. ఇంకా 200 తక్కువ. షిలోహు పండగలో నాట్యమాడటానికి వచ్చే అమ్మాయిలను ద్రాక్షతోటల్లో పొంచి ఉండి ఎత్తుకుపొమ్మని పెద్దలే సలహా ఇచ్చారు. తండ్రులు, అన్నదమ్ములు వచ్చి గోల పెడితే ఏం చెప్పాలో కూడా 21:22లో ముందే రాసిపెట్టుకున్నారు: యుద్ధంలో ఒక్కొక్కరికి భార్యను సంపాదించలేకపోయాం, దయచూపండి, మీరు ఇవ్వలేదు కాబట్టి ఒట్టు తప్పిన దోషం మీకు లేదు. ఏ వకీలూ ఇంత శుభ్రంగా రాయలేడు. ఒట్టులో అక్షరం చెక్కుచెదరలేదు. చెదిరింది 200 ఇళ్లు.

రాజు ఉంటే బాగుండేదనే వాదనకు బలం లేకపోలేదు. గిబియా తొలి రాజు సౌలు సొంతూరు, యాబేష్గిలాదు అతను కాపాడిన ఊరు, మర్యాద చేసిన బేత్లెహేము అతని తర్వాత రాజైన దావీదు ఊరు. ఎద్దులను ముక్కలు చేసి దేశమంతా పంపిన సౌలు పని ఈ కథకు అద్దం. సౌలు వంశాన్ని మసకబార్చి దావీదును నిలబెట్టడానికి అల్లిన కథ ఇదని చాలామంది పండితుల అభిప్రాయం.   సరే, రాజు వచ్చాడు. రెండో సమూయేలు 11లో ఆ దావీదు రాజే ఊరియా భార్యను పిలిపించుకుని, ఊరియాను చంపించాడు. 13లో రాజు కొడుకు అమ్నోను చెల్లెలు తామారును చెరిచాడు, రాజుకు కోపం వచ్చిందట, అంతే. తామారు కనీసం మాట్లాడింది, వద్దని వాదించింది, నెత్తిన బూడిద పోసుకుని ఏడ్చింది. అన్న అబ్షాలోము అన్నదేమిటి? ఊరుకో, వాడు నీ అన్న.

ఊరుకోమనడం పాఠకుల అలవాటు కూడా. సినగాగుల్లో (యూదుల ప్రార్థనాలయాల్లో) హుక్కత్ అనే ధర్మశాస్త్ర భాగం వచ్చే వారం చదివే ప్రవక్తల భాగం న్యాయాధిపతులు 11:1-33. యెఫ్తా గెలిచేదాకా చదివి ఆపుతారు. గెలిచిన తండ్రికి కూతురు ఎదురొచ్చేది 34లో. చాలా ప్రొటెస్టెంట్ సంఘాలు వాడే బైబిల్ పాఠాల పట్టిక రివైజ్డ్ కామన్ లెక్షనరీ మూడేళ్ల చక్రంలో ఆదివారాలకు ఈ గ్రంథం నుంచి ఇచ్చింది ఒకటే పాఠం, 4:1-7. జోసీఫస్ కథనంలో లేవీయుడు ఆమెను నెట్టడు, గుంపే లాక్కుపోతుంది. తెల్లారి ఆమె నిద్రపోతోందనుకుని ఓదార్చడానికి లేపబోతాడు. మన తెలుగు హేతువాదులు దీన్ని ఎత్తి చూపేటప్పుడూ 19వ అధ్యాయం దగ్గరే ఆగుతారు. బోధకులు దాచేదీ అదే, వీళ్లు చూపేదీ అదే. 20, 21 అధ్యాయాలు ఇద్దరికీ అక్కర్లేదు.

అవే మనకు కావలసినవి. ఎందుకంటే గిబియా గుంపులో మనం లేమని ఎవరైనా చెప్పుకోవచ్చు, మిస్పా సభలో లేమని చెప్పడం కష్టం. ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ, సంఘంలో పెద్దల కమిటీ కూర్చున్నప్పుడు జరిగేది ఇదే వరస. మాట్లాడేది ఆమె తరఫు మగవాడు. ముందుకొచ్చేది కుటుంబం పరువు, సంఘం పరువు. చెరిచినవాడికే ఇచ్చి పెళ్లి చేస్తే పోతుందన్న పరిష్కారం ఎవరో ఒకరి నోట వస్తుంది. లైంగిక నేరాల కేసుల్లో అలాంటి రాజీలను సూచించకూడదని, ప్రోత్సహించకూడదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు కోర్టులకే చెప్పాల్సి వచ్చింది. బాధితురాలు పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల అయితే కమిటీ కూర్చోవడానికే వీల్లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. తన కింది మనిషి చేసిన నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది దాకా. ప్రార్థన చేసి, క్షమాపణ చెప్పించి, కాగితం రాయించి పంపేశామంటే ఆ కాగితమే నేరానికి సాక్ష్యం.

మూడు అధ్యాయాలు కలిపి 30, 48, 25, మొత్తం 103 వచనాలు. పైకి చదివితే అరగంట పట్టదు. బైబిల్ స్టడీలో వీటిని మూడు వారాలకు పంచితే పని చెడుతుంది: మొదటి వారం అందరూ గిబియాను తిట్టి ఇంటికి పోతారు, మూడో వారానికి పెళ్లి సంగతి ఒక్కటే గుర్తుంటుంది. ఒకే విడతలో చదవాలి, పిల్లల్ని పక్క గదికి పంపి. 20:5 దగ్గర ఆపి 19:25ని ఒక స్త్రీ చేత మళ్లీ పైకి చదివించాలి. 21:4 దగ్గర ఆపి లేవీయకాండము ఐదో అధ్యాయం తీయించాలి. రాజు లేడన్న చివరి వచనానికి ఆ తర్వాత వస్తే చాలు.