ఎంటర్‌ప్రైజ్ నౌకకు ఒక చలానా

ఇరవై మూడో శతాబ్దానికల్లా మనిషి కాంతిని మించిన వేగంతో ప్రయాణిస్తాడట. ఇక్కడ మాయమై క్షణంలో వేరే గ్రహం మీద తేలతాడట. దిగినచోటల్లా గ్రహాంతరవాసులు చక్కటి ఇంగ్లిష్‌లో పలకరిస్తారట. చాలా సంతోషం. కాకపోతే, కుర్చీలో కూర్చున్న మనిషి కింద పడకుండా నడుముకో బెల్టు పెట్టాలన్న ఆలోచన మాత్రం ఆ శతాబ్దం మొత్తంలో ఒక్కడికీ తట్టదట.

ఈ రహస్యం నాకు 'స్టార్ ట్రెక్' వల్ల తెలిసింది. 1966లో మొదలైన అసలు సీరియల్. ఇంతకాలం దాన్ని చూడకుండానే సుఖంగా బతికాను. అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడి పోరు పడలేక ఇప్పుడు మొదలుపెట్టాను. "మామయ్యా, దాన్ని సీరియల్ అనుకోకు. మన భవిష్యత్తు అనుకుని చూడు" అన్నాడు. సరేనని భవిష్యత్తు ముందు కాఫీ పట్టుకుని కూర్చున్నాను. పావుగంట తిరక్కుండా భవిష్యత్తు కుర్చీలోంచి జారి నేల మీద పడింది.

చూడనివాళ్ల కోసం ఆ సన్నివేశం చెప్పాలి. చూసినవాళ్లకూ చెప్పాలి, ఎందుకంటే వాళ్లు అందులో తప్పేముందో ఇంకా గమనించినట్టు లేదు. ఎంటర్‌ప్రైజ్ అని ఒక నౌక. అందులో 430 మంది సిబ్బంది. పైన బ్రిడ్జ్ అనే గుండ్రటి గది. మధ్యలో కుర్చీ, అందులో కెప్టెన్ కర్క్. ఎదురుగా పెద్ద తెర. తెర మీద శత్రువు నౌక కనిపిస్తుంది. ఇంకాసేపట్లో దాడి జరుగుతుందని గదిలో అందరికీ తెలుసు. ఎర్ర దీపం వెలుగుతుంది, సైరన్ మోగుతుంది. అంటే నౌక అధికారికంగా, ప్రభుత్వపరంగా, రాతపూర్వకంగా "ఇక మనం ఊగబోతున్నాం" అని ప్రకటించింది. అప్పుడైనా ఎవడైనా ఏదైనా పట్టుకుంటాడా? పట్టుకోడు. గడ్డం పైకెత్తి ఠీవిగా కూర్చుంటాడు.

ఢాం. అందరూ ఎడమ వైపు పడతారు. మళ్లీ ఢాం. అందరూ కుడి వైపు పడతారు. పడ్డవాళ్లు లేచి, చొక్కా కిందికి లాగి సరిచేసుకుని, మళ్లీ అదే కుర్చీలో, అదే ఠీవితో కూర్చుంటారు. భావోద్వేగాలు లేవని, తర్కమే ప్రాణమని చెప్పుకునే స్పాక్ కూడా పడతాడు. లేచి, శత్రువు ఆయుధం శక్తి ఎంతో దశాంశ స్థానాలతో సహా చెబుతాడు. అంత లెక్క తెలిసినవాడికి తాను నేల మీద ఎందుకున్నాడో తర్కించుకోవాలని అనిపించదు. ఈలోగా గోడకున్న పరికరాల పెట్టె టపాకాయలా పేలి, దాని ముందు కూర్చున్న కుర్రాడి మొహాన నిప్పులు చిమ్ముతుంది. ఫ్యూజు లేదు. ఎంసీబీ లేదు. శత్రువు ఎక్కడో నౌక అడుగున కొడితే, ఇక్కడ గుమస్తా బల్ల పేలుతుంది. ఏ ఎలక్ట్రీషియన్ వేశాడో ఆ వైరింగు.

మన పల్లెవెలుగు బస్సులో నిలబడ్డవాడికి పట్టుకోవడానికి పైన రాడ్డయినా ఉంటుంది.

ఇదంతా ఎలా తీశారో కూడా అందరికీ తెలిసిందే. కెమెరాను పక్కకు వంచేవాళ్లు, నటులు దానికి తగ్గట్టు అందరూ కలిసి ఒక పక్కకు తూలేవాళ్లు. అందుకే జాగ్రత్తగా చూస్తే ఒకరిద్దరు అర క్షణం ఆలస్యంగా తూలుతుంటారు. నాకు అందులో బాగా నచ్చినవాళ్లు వాళ్లే. పాపం, ఎటు పడాలో పక్కవాణ్ణి చూసి పడుతున్నారు.

మేనల్లుడికి ఫోన్ చేసి అడిగాను. పాపం, ఓపిగ్గానే చెప్పాడు. నౌకలో ఇనర్షియల్ డాంపర్లని ఉంటాయట. నౌక ఒక్కసారిగా వేగం అందుకున్నప్పుడు లోపలి మనుషులు గోడకు పచ్చడిలా అంటుకోకుండా అవే కాపాడతాయట. మరి అవి పనిచేస్తుంటే మనుషులెందుకు పడుతున్నారు నాయనా అన్నాను. "కొంచెం ఆలస్యంగా స్పందిస్తాయి మామయ్యా" అన్నాడు. ఆ కొంచెం కోసమే కదరా బెల్టు అన్నాను. "అసలు అవి పూర్తిగా పాడైతే బెల్టు కట్టుకున్నా లాభం లేదు" అన్నాడు. ఈ వాదన నాకు కొత్తేం కాదు. లారీ గుద్దితే హెల్మెట్ ఉన్నా పోతాం కదా సార్ అని ట్రాఫిక్ కానిస్టేబుల్‌తో మనవాళ్లు రోజూ చేసే వాదనే ఇది. ఇరవై మూడో శతాబ్దానికీ చెక్కుచెదరకుండా చేరిందన్నమాట.

"1966 నాటి సీరియల్‌ని అలా చూడకూడదు మామయ్యా" అన్నది వాడి చివరి అస్త్రం. సరే, 1966నే చూద్దాం. సీరియల్ తొలి ఎపిసోడ్ అమెరికాలో ప్రసారమైంది ఆ ఏడాది సెప్టెంబర్ 8న. ఆ మర్నాడే, సెప్టెంబర్ 9న, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మోటారు వాహనాల భద్రతా చట్టం మీద సంతకం పెట్టాడు. దాని కింద 1968 జనవరి 1 నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ సీటు బెల్టులు తప్పనిసరయ్యాయి. అప్పటికి కర్క్ రెండో సీజన్‌లో దొర్లుతున్నాడు. మూడు బిందువుల బెల్టును వోల్వో ఇంజినీర్ నిల్స్ బోలిన్ 1959లోనే తయారుచేసి పెట్టాడు. పోనీ సీరియల్ సృష్టించిన జీన్ రాడెన్‌బెరీ ఏమైనా పల్లకీల కాలం మనిషా? రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం నడిపాడు. తర్వాత ప్రయాణికుల విమానాల పైలట్ అయ్యాడు. 1947లో సిరియా ఎడారిలో విమానం కూలితే బతికి బయటపడ్డాడు. అది చాలదన్నట్టు లాస్ ఏంజెలెస్‌లో పోలీసు ఉద్యోగం చేశాడు. బెల్టు విలువ ఆయనకు తెలియకపోతే భూమ్మీద ఇంకెవరికి తెలియాలి?

తర్వాతి చరిత్ర ఇంకా దివ్యంగా ఉంది. 1979లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమాలో కుర్చీ చేతులు మడుచుకుని తొడల మీదికి వచ్చేలా చేశారు. తర్వాత అదీ మర్చిపోయారు. 2002 నాటి సినిమాలో కెప్టెన్ కుర్చీకి నిజంగానే బెల్టు పెట్టి ఒక సన్నివేశం తీశారు. తీసి, ఎడిటింగ్‌లో కోసేశారు. చరిత్రలో మొదటిసారి బెల్టు వచ్చింది, దాన్నే కత్తిరించారు.

ఆ నౌకలో మనవాళ్లు ఇట్టే ఇమిడిపోతారు. బెల్టు పెట్టుకోలేదని కారు కుయ్‌కుయ్‌మంటుంటే, పెట్టుకోవడం మానేసి, ఆ మోతను నోరు మూయించే ఉత్తుత్తి క్లిప్పును ఆన్‌లైన్లో కొని తెచ్చుకున్న జాతి మనది. అవి అమ్మడం ఆపండని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఈ-కామర్స్ కంపెనీలకు ఉత్తర్వులివ్వాల్సి వచ్చింది. ప్రాణం కాపాడే బెల్టును డబ్బిచ్చి ఓడించాం.

సీరియల్‌లో మంచి లేదనను. నల్లజాతి స్త్రీకి, జపాన్ మూలాలున్నవాడికి, ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగా రష్యావాడికి ఒకే గదిలో కుర్చీలు వేశారు. ఆ రోజుల్లో అది సామాన్యమైన ధైర్యం కాదు. బెల్టుల్లేని కుర్చీలే, అయినా కుర్చీలు.

ఇక్కడిదాకా నవ్వుకున్నాను. నవ్వలేనిది ఇంకొకటి ఉంది.

ఏదో కొత్త గ్రహం మీద నలుగురు దిగుతారు. కర్క్, స్పాక్, డాక్టర్ మెక్కాయ్. నాలుగోవాడు ఎర్ర చొక్కా వేసుకున్న సెక్యూరిటీ కుర్రాడు. వాడి పేరు తరచుగా మనకు చెప్పరు. చెప్పినా గుర్తుంచుకునేంత టైమివ్వరు. "నువ్వు అటు వెళ్లి చూడు" అంటాడు కెప్టెన్. వాడు వెళతాడు. రాయి వెనక నుంచో, పొగలోంచో ఏదో వస్తుంది, వాడు పోతాడు. మెక్కాయ్ మోకాళ్ల మీద కూర్చుని కర్క్‌తో "చనిపోయాడు, జిమ్" అంటాడు. వ్యాపార ప్రకటన వస్తుంది. చివర్లో చాలాసార్లు ముగ్గురు పెద్దమనుషులూ బ్రిడ్జ్ మీద చేరి ఏదో జోకేసుకుని నవ్వుతారు. సంగీతం. శుభం. వాడికి తల్లి ఉందా, ఆ కబురు ఎవరు మోసుకెళ్లారు, అడిగే పాత్ర లేదు. పైగా ఇది అభిమానులకు ముద్దుముచ్చట. 'రెడ్ షర్ట్' అంటే వాళ్ల భాషలో కచ్చితంగా చచ్చేవాడు. దాని మీద టీషర్టులు, కప్పులు, జోకులు. మా వాడి దగ్గరా ఒక టీషర్టుంది.

నేను ఆ నాలుగోవాణ్ణి ఎరుగుదును. మీరూ ఎరుగుదురు. పేపర్లో అయిదో పేజీలో రెండంగుళాల వార్తగా వస్తుంటాడు. "నువ్వు లోపలికి దిగి చూడు" అంటాడు కాంట్రాక్టరు. మ్యాన్‌హోల్ మూత తీసి వాడు దిగుతాడు. మాస్కు లేదు, ఆక్సిజన్ లేదు, నడుముకు తాడు లేదు. లోపల విషవాయువు. వాడు పడిపోతే, వాణ్ణి లాగడానికి ఇంకొకడు దిగుతాడు, వాడూ పోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని డ్రైనేజీలోకి దించకూడదని 2013లో చట్టం చేశారు. దించితే మొదటిసారికే రెండేళ్ల దాకా జైలని రాశారు. చచ్చినవాడి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. చచ్చిపోవడం ఆగలేదు కాబట్టి 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. రేటు పెరిగింది. తాడు రాలేదు. తాడు ఎంతండీ? ఏ ఊరి బజార్లోనైనా దొరికే తాడు! కాంతిని మించి పరిగెత్తించే వార్ప్ ఇంజిన్ అడిగామా? టెండర్లో తాడు అని ఒక్క ముక్క రాసి, దిగేవాడి నడుముకు అది ఉందో లేదో చూడ్డానికి ఒక్క ఆఫీసరు ఎండలో నిలబడితే చాలు. నిలబడరు. దిగేది వాళ్ల కొడుకు కాదు గనక. సిగ్గులేనితనానికి కూడా ఒక హద్దుండాలి.

ఇదంతా మా వాడితో అనేశాను. కాస్త కంగారు పడ్డాడు. "అందుకే మామయ్యా, 1987లో వచ్చిన రెండో సీరియల్ చూడాలి. మొదటి రెండు సీజన్లు ఓపిక పట్టు, తర్వాత నుంచి అద్భుతం. విమర్శలన్నీ విన్నట్టున్నారు, అందులో ఎర్ర చొక్కా కెప్టెన్‌కే ఇచ్చేశారు" అన్నాడు.

"మరి సెక్యూరిటీ వాళ్లకో?"

"వాళ్లకి పసుపు రంగు."

"బెల్టు?"

"లేదు."

"ఆ సెక్యూరిటీ వాళ్ల పైఅధికారి ఎవరు?"

"ఒకమ్మాయి. చాలా ధైర్యవంతురాలు మామయ్యా."

"చివరిదాకా ఉంటుందా?"

"అది స్పాయిలర్" అన్నాడు.