నూతిలో దూకని గుంట కథ ఎవరైనా రాయండి

పదహారేళ్ల గుంటకి, అంటే మా వైపు మాటలో ఆడపిల్లకి, నెల తప్పిందని తెలిసిన మరుక్షణం మన కథకుడి చూపు నూతి వైపు పోతుంది. నుయ్యి లేకపోతే రైలుపట్టాలు, అవీ దూరమైతే పురుగుమందు డబ్బా. పిల్లని చంపీసి, తండ్రిని రెండు పేజీలు ఏడిపించి, ఆఖర్న మనకో క్లాసు పీకి పెన్ను మూసేస్తాడు. ఆ పిల్లకి ఏ కూర ఇష్టమో, లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చేవో, పక్క బెంచీ పిల్లతో ఎందుకు మాటల్లేవో మనకి తెలీదు. పరిచయమైనా కాకుండానే పాడె కట్టేశారు.

నాకు ఇంగ్లీషు యంగ్ అడల్ట్ నవలలంటే, అంటే టీనేజ్ పిల్లల కోసం రాసేవంటే, ఇష్టం. అందులోనూ చిన్న వయసులో తల్లో తండ్రో అయిపోయిన పిల్లల కథలంటే మరీను. సామాజిక స్పృహ కోసం చదువుతున్నానని బుకాయించను, సరదాగానే చదువుతాను. "అలాంటి కథల్లో సరదా ఏటి?" అని ముక్కున వేలేసుకునేవాళ్ల కోసమే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది, టీ పెట్టుకుని రండి.

ఎలిజబెత్ అసెవెడో 2019లో రాసిన ‘విత్ ద ఫైర్ ఆన్ హై’ తీసుకోండి. ఎమోనిది ఫిలడెల్ఫియా. నల్లజాతి, ప్యూర్టోరికో మూలాలు రెండూ ఉన్న పిల్ల. నవల మొదలయ్యేసరికి హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉంది, కూతురికి రెండేళ్లు. అంటే కడుపు, గొడవ, ఏడుపు అన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడున్న చిక్కులు వేరు. బడయ్యాక పనికెళ్లాలి, పిల్లని నాయనమ్మ చూడాలి, వంట క్లాసువాళ్లు స్పెయిన్ తీసుకెళ్తామంటే డబ్బెక్కడిది, అన్ని రోజులు బిడ్డని వదిలి ఉండగలదా? కథ నడిచేది వీటి మీదే. ఏంజెలా జాన్సన్ ‘ద ఫస్ట్ పార్ట్ లాస్ట్’ 2003లో వచ్చింది, మరుసటేడు యంగ్ అడల్ట్ పుస్తకాలకిచ్చే ప్రింట్జ్ అవార్డు తీసుకుంది. అందులో బాబీ అనే పదహారేళ్ల నల్లజాతి కుర్రాడు న్యూయార్కులో పసికూతుర్ని పెంచుతుంటాడు. ఒక అధ్యాయం ‘అప్పుడు’, ఒక అధ్యాయం ‘ఇప్పుడు’. అతని తల్లి అదే ఇంట్లో ఉంటుంది, కానీ బిడ్డ భారం తన మీదేసుకోదు. నీ బిడ్డ, నువ్వు చూసుకో అంటుంది. బిడ్డ తల్లి ఏమైందో ఆఖరిదాకా చెప్పరు, నేనూ చెప్పను.

ఈ పుస్తకాల్లో జాతి, భాష, వంట అలంకారానికి పెట్టినవి కావు. ఎమోని ఇంట్లోంచి పొయ్యి తీసేస్తే నవలే కూలిపోతుంది. హీరోయిన్ పేరు మార్చి, ఒంటి రంగు ఒక్క వాక్యంలో చెప్పీసి, మిగతా కథంతా ఎవరింట్లోనైనా జరిగేలా రాసే పుస్తకాలు అక్కడా బోలెడున్నాయి. అవి నాకు పడవు. ఈ మనిషి వేరే ఊళ్లో, వేరే కులంలో, వేరే భాషలో పుడితే కథ మలుపు తిరగాలి. తిరగలేదంటే అది వైవిధ్యం కాదు, గెటప్పు.

"ఇదంతా అమెరికా గోల, మనకెందుకు?" అనే కామెంటు ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే చెప్పేస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులు, లేదా గర్భంతో ఉన్నారు. దేశం మొత్తానికి తీస్తే అది 6.8 శాతం. మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల వాళ్లలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు 29.3 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. మన దగ్గర కడుపుతో ఉన్న టీనేజ్ పిల్లల్లో ఎక్కువమంది మెడలో పసుపుతాడు ఉంది. అందుకే అది మనకి కథలా కనబడదు. తాడు లేకపోతే పరువు హత్య, ఉంటే సీమంతం. వయసు మాత్రం రెండు చోట్లా పదిహేడే. గాజులు తొడిగి, పూలు పెట్టి, ఫొటో తీసి స్టేటస్‌లో పెడతారు, మనం లైకు కొడతాం.

ఇది రాయాల్సింది మన ఉత్తరాంధ్ర జిల్లాలవాళ్లే. 1897లో ‘కన్యాశుల్కం’ అచ్చేసినప్పుడు గురజాడ ముందుమాటలో వాదన కంటే ముందు లెక్క పెట్టాడు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లు 1034. అందులో ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, ఏడాది నిండినవాళ్లు ముగ్గురు. విజయనగరం మహారాజు తీయించిన జాబితా అది. అంకె చేతిలో పెట్టుకుని ఆ తర్వాత నవ్వించాడు. మనవాళ్లు అంకె వదిలీసి ఏడుపు పట్టుకున్నారు.

రాసేవాళ్లు ముందు కొనాల్సింది క్యాలెండరు. ఉదాహరణకి శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల తీరంలో జాలరి కుటుంబం, పదో తరగతి చదివే పిల్ల, గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు పనికెళ్లే కుర్రాడు. పడమటి తీరంలో వేట నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. కుర్రాడు ఊళ్లో ఉండేది ఆ రెండు నెలలే అనుకుందాం. పిల్ల చివరిసారి బయట చేరింది జూన్ 20 అనుకోండి. డాక్టర్లు లెక్క కట్టేది కలిసిన రోజు నుంచి కాదు, ఆ తేదీ నుంచి. దానికి ఏడు రోజులు కలిపి మూడు నెలలు వెనక్కి వెళ్తే పురుడు మార్చి 27. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు ఎప్పుడు? మార్చిలోనే. చూశారా, ఎవరూ విలన్ కానక్కర్లేకుండా నవలకి ముడి పడిపోయింది. 

జూలై 18కి రావాల్సింది రాదు. పిల్ల పట్టించుకోదు, ఎందుకంటే రజస్వల అయిన మొదటి కొన్నేళ్లు నెలసరి అటూ ఇటూ అవడం మామూలే. అందుకే ఆలస్యంగా తెలిసిందని రాస్తే నమ్ముతాం. ఆరో వారం నుంచి వాంతులు, అదీ పొద్దుటే కావాలని లేదు. పన్నెండు వారాల దాకా గర్భసంచి కటి ఎముక దాటి పైకి రాదు కాబట్టి మూడో నెలలోనే కుండంత పొట్ట రాయకండి. తొలిచూలు కదా, చున్నీ సరిగ్గా వేసుకుంటే దసరా దాకా బడిలో ఎవరికీ అనుమానం రాదు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతర నాటికి ఇంచుమించు పదహారో వారం. జాతరకొచ్చిన పెద్దమ్మ పిల్ల నడక చూసి, పక్కకి లాగి, "ఏటే గుంటా, ఎన్నాళ్లయింది బయట చేరి?" అంటుంది. సీను మొత్తానికి ఆ ఒక్క మాట చాలు. బిడ్డ కదలిక తెలిసేది 18–20 వారాల మధ్య, అంటే నాగులచవితి అటూ ఇటూ. పుట్టలో పాలు పోస్తున్నప్పుడు లోపల చేపపిల్ల తిరిగినట్టవుతుంది. మూడో నెలలో బిడ్డ తన్నిందని రాసిన కథ నాకు అక్కడితో సరి.

చట్టం దగ్గర మనవాళ్లు ఇంకా ఘోరంగా రాస్తారు. పట్నం తీసుకెళ్లి, గుట్టుగా కడుపు తీయించేసి, సాయంత్రం బస్సుకి వచ్చేశారని ఒక్క లైను. అలా అవదు. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, 20 దాటి 24 దాకా మైనర్ల లాంటి కొందరికే వీలు, అప్పుడు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. మైనరైతే సంరక్షకుడి రాతపూర్వక అంగీకారం ఉండాలి. మన పిల్ల లెక్కలో 20 వారాలు నవంబరు 7కి, 24 వారాలు డిసెంబరు 5కి పూర్తవుతాయి. ఇంట్లో వాళ్లు తిట్టుకుంటూ, జాతకాలు చూపిస్తూ గడిపిన ప్రతి రోజూ ఆ తేదీల్లోంచి పోతుంది. పద్దెనిమిది లోపు పిల్ల ఆసుపత్రికొస్తే పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పోలీసులకి చెప్పి తీరాలి. ఆ భయంతోనే చాలామంది నాటువైద్యం వైపు పోతారు. అయితే 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, పిల్లా సంరక్షకులూ కోరితే డాక్టరు ఆ సమాచారంలో పిల్ల పేరు, వివరాలు బయటపెట్టక్కర్లేదని చెప్పింది. ఈ ఒక్క సంగతి తెలిసిన నర్సు పాత్ర ఉంటే కథ దారి మారిపోతుంది.

"పెళ్లి చేసేద్దాం" అన్నా తప్పించుకోలేరు. ఆడపిల్లకి 18, మగపిల్లాడికి 21 నిండకుండా పెళ్లి చేస్తే 2006 బాల్యవివాహ నిషేధ చట్టం కింద అదో నేరం. భార్యే కదా అంటే, పద్దెనిమిది లోపు భార్య విషయంలో భర్తకి అత్యాచారం కేసు నుంచి మినహాయింపు లేదని 2017లోనే సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. అందుకే తల్లీబిడ్డల కార్డులో వయసు గడి ఉంది చూడండి, నవలకి అంతకంటే మంచి సీను దొరకదు. అత్త "19 అని రాసీయమ్మా" అంటుంది, ఊరి నర్సు ఏఎన్ఎం పెన్ను ఆపుతుంది, పిల్ల ఇద్దరి మొహాలూ చూస్తుంది. 

ఒంటి సంగతి. కథల్లో గర్భిణికి రెండే పనులు, వాంతి చేసుకోవడం, కళ్లు తిరిగి పడడం. ఈ వయసులో అసలు గండం బీపీ. 20 వారాలు దాటాక 140/90కి ఎక్కి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే అది గుర్రపువాతానికి, అంటే గర్భిణికి వచ్చే ఫిట్స్‌కి, దారి. తలపోటు, కళ్ల ముందు మెరుపులు, పొద్దున లేచేసరికి మొహం ఉబ్బడం దాని గుర్తులు. ఇంట్లో వాళ్లు ‘గాలి సోకింది’ అంటారు. తర్వాత రక్తహీనత. హిమోగ్లోబిన్ 11 ఉండాలి, 7 లోపుకి పడితే ప్రమాదం. నాలుగో నెల నుంచి 180 రోజులు రోజుకో ఎర్ర ఐరన్ మాత్ర ఇస్తారు. పిల్లలు ఎందుకు పారేస్తారో తెలుసా? విరేచనం నల్లగా అవుతుంది, భయపడిపోతారు. మింగినా టీతో మింగుతారు, కాల్షియం మాత్రతో కలిపి మింగుతారు, ఐరన్ ఒంటికి పట్టదు. గుమ్మం పక్కన మట్టిలో దొరికిన ఎర్రమాత్రల గుట్ట ఒక అధ్యాయమంత పని చేస్తుంది.

ఇక మన వైవిధ్యం. ఇదే కథ సీతంపేట కొండ మీద సవర గిరిజనుల ఇంట్లో జరిగితే? సవర తెలుగుకి చుట్టం కాదు, ముండా కుటుంబం భాష. గిడుగు రామమూర్తి దానికి వ్యాకరణం, నిఘంటువు రాశాడు కదా. నర్సు తెలుగులో "చివరిసారి ఎప్పుడు బయట చేరావు?" అని అడిగితే మధ్యలో అనువదించేది బడికెళ్లే తమ్ముడు. ఆ ప్రశ్న వాడి నోట్లో ఎలా మారుతుంది? రోడ్డు లేని గూడెం నుంచి డోలీ మీద దిగాలి, లేదా నెలలు నిండకముందే కిందికి తెచ్చి గర్భిణుల వసతి గృహంలో ఉంచుతారు. ఇంటికి దూరంగా, తెలియని కూడు తింటూ, ఆరుగురు గర్భిణులు ఒక వరండాలో. నవల మొత్తం ఆ వరండాలోనే నడిపించొచ్చు. పలాసలో అయితే అమ్మమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. జీడిపిక్క చమురు తగిలితే చర్మం పొక్కుతుంది, ఆ చేత్తో పురిటిబిడ్డని ఎత్తుకోడానికి వెనకాడుతుంది. చెవులు వినబడని తల్లయితే రాత్రి బిడ్డ పొట్ట మీద చెయ్యేసుకుని పడుకుంటుంది.

బిడ్డ పుట్టాక రచయితలు అలసిపోతారేమో, పది రోజుల పాపని కిలకిలా నవ్విస్తారు. మనల్ని చూసి నవ్వేది ఆరో వారానికి. అప్పటిదాకా రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు, అంటే రాత్రి కనీసం మూడుసార్లు లేవాలి. మన పిల్ల మార్చిలో నిండు పొట్టతో బెంచీలో ఇరుక్కుని, గంటకోసారి బయటికెళ్తానని చెయ్యెత్తి పరీక్ష రాసింది, రెండు పేపర్లు పోయాయి. సప్లిమెంటరీలో మళ్లీ కూర్చుంటుంది. ఉదయం 9.30 నుంచి 12.45. ముందే పాలు పిండి రాకపోతే పదకొండున్నరకి రొమ్ములు రాళ్లవుతాయి. గేటు బయట ఎవరి బిడ్డో ఏడుస్తుంది, జాకెట్టు తడుస్తుంది, లెక్కల పేపరు మీద ఒక చుక్క. అక్కడ కన్నీళ్లు రాయకండి. అట్ట పైకి జరుపుకుని రాసుకుంటుంది, అంతే.

కుర్రాడు మాత్రం మన కథల్లో మూడో పేజీ నుంచి కనబడడు. వాడికి పదిహేడా, పందొమ్మిదా అన్నది ముందు తేల్చుకోండి. పదిహేడైతే జువెనైల్ బోర్డు, పందొమ్మిదైతే పోక్సో కోర్టు. వేరావల్‌లో ఉండగానే కబురందితే వస్తాడా, ఫోన్ కట్టేస్తాడా? అసలు రాలేకపోవచ్చు కూడా. 2018లో పాకిస్తాన్ పట్టుకుపోయిన మన జాలర్లు ఇల్లు చేరింది 2020 జనవరిలో. వచ్చాడే అనుకుందాం, జూన్‌లో దిగేసరికి బిడ్డకి రెండు నెలలు. మెడ నిలబడడానికి ఇంకో నెలో రెండో పడుతుంది. తల కింద చెయ్యి పెట్టి ఎత్తుకోవాలని వాడికి ఎవరు చెబుతారు? మామగారా, పెద్దమ్మా, ఆ పిల్లేనా? ఆ సీను ఎవరైనా రాయండి. పుస్తకం వేశాక చెప్పండి, డబ్బులిచ్చి కొంటాను.