మంచును నొప్పించని మన ఓడ

అంటార్కిటికా పర్యావరణానికి రవ్వంత హాని కూడా చేయని పరిశోధక నౌక ప్రపంచంలో ఒక్కటే ఉంది, అది మనది. 2014లో కేంద్ర మంత్రివర్గం సుమారు 1,051 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఈ ధ్రువ పరిశోధక నౌక నాటి నుంచి నేటి వరకు చుక్క డీజిలు తాగలేదు, ఏ పెంగ్విన్‌కూ నిద్రాభంగం కలిగించలేదు. అనుమతి లేనిదే ఆ ఖండంలోకి వెళ్ళరాదని 2022లో పార్లమెంటు చేసిన చట్టాన్ని సైతం అది తు.చ. తప్పకుండా పాటిస్తున్నది. ఫైలు దాటి బయటకు రాకపోవడం వల్లనే దానికి ఇంతటి నిగ్రహం అబ్బింది.

గిట్టనివారు దీనిని జాప్యమంటారు. టెండరు పిలవడం, ఆ టెండరు కాస్తా బెడిసికొట్టడం, ఈలోగా అంచనా రెట్టింపు దాటి 2,600 కోట్లకు చేరిందని 2023లో మంత్రిగారు పార్లమెంటుకు తెలపడం, 2025లో కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ సంస్థ ఓడ నమూనా కోసం నార్వే కంపెనీతో అవగాహన ఒప్పందం కుదుర్చుకోవడం, ఇవన్నీ సహనంతో సాగుతున్న దీర్ఘకాలిక పరిశోధనలో దశలు కావని ఎవరనగలరు? హిమానీనదం ఏడాదికి ఎన్ని మీటర్లు జరిగిందో మన శాస్త్రవేత్తలు కొలిచి చెప్పగలరు గాని, ఢిల్లీలో ఫైలు ఎంత జరిగిందో కొలిచే పరికరం గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రంలో సైతం లేదు.

ఓడ లేనంత మాత్రాన యాత్రలేమీ ఆగలేదు. 1981లో సముద్ర శాస్త్రవేత్త ఖాసిం నాయకత్వంలో మన తొలి బృందం నార్వే వారి ఓడను అద్దెకు తీసుకుని బయలుదేరింది. నలభై ఏళ్ళు దాటినా ఆ అద్దె సంప్రదాయాన్ని చెక్కుచెదరకుండా కాపాడుకుంటున్నాం.

అంటార్కిటికాలో మన పరిశోధన స్థావరాల చరిత్ర మరింత స్ఫూర్తిదాయకం. 1983–84లో నెలకొల్పిన దక్షిణ గంగోత్రి క్రమంగా మంచులో కూరుకుపోగా 1990లో దానిని మూసివేశారు. కాంట్రాక్టరు చేతివాటం లేకుండా కుంగిపోయిన ప్రభుత్వ కట్టడం బహుశా అదొక్కటే కాబట్టి దానికి వారసత్వ హోదా ఇవ్వడం సముచితం. 1989లో షిర్మాకర్ ఒయాసిస్ అనే మంచు కప్పని రాతినేల మీద వెలసిన మైత్రిని పదేళ్ళు నిలిస్తే చాలునన్న అంచనాతో కట్టారు. అది మాత్రం ఆ గడువును పట్టించుకోకుండా, మూడున్నర దశాబ్దాలుగా మంచు తుఫానులకు ఓర్చి, ఏటా శీతాకాలమంతా అక్కడే ఉండిపోయే బృందానికి నీడనిస్తున్నది. తాత్కాలిక ప్రాతిపదికన చేరి ముప్పై ఏళ్ళయినా పర్మనెంటు కాని ఉద్యోగులు ఈ భవనాన్ని తమ సంఘంలో చేర్చుకోవచ్చు.

2025లో దాని స్థానంలో మైత్రి–2 నిర్మాణానికి ఆర్థిక శాఖ సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. వ్యయం దాదాపు 2,000 కోట్లు, గడువు 2029 జనవరి. సామగ్రిని అంత దూరం చేరవేయడానికి మళ్ళీ ఓడే కావాలి గనుక, మంచును నొప్పించని మన ఓడ అప్పటికైనా నీళ్ళలో దిగుతుందా, లేక మరో అద్దె ఒప్పందం మీద సంతకాలు పడతాయా అన్న ప్రశ్న తొందరపాటు వారికే తోస్తుంది. ఈలోగా పాత మైత్రిలో చీకటి నెలలు గడిపే బృందం అక్కడి చలిని కూడా సూత్రప్రాయమైనదిగానే పరిగణించాలని ఒక సర్క్యులర్ జారీ చేస్తే, ఖజానాపై అదనపు భారం లేకుండా సమస్య పరిష్కారమవుతుంది.