పుల్లీ ఒక్కటే మారిస్తే చాలదు

బీఎండబ్ల్యూ తొలితరం మినీ కూపర్ ఎస్‌లో సూపర్‌ఛార్జర్ (ఇంజన్‌లోకి అదనపు గాలిని నెట్టే, బెల్టుతో తిరిగే పంపు) పుల్లీని, అంటే దాని బెల్టు చక్రాన్ని, చిన్నది చేస్తే అది మరింత వేగంగా తిరిగి హార్స్‌పవర్ దానంతటదే పెరుగుతుందని ఒక వ్యాసంలో రాశారు. అది సగం నిజమే. 2002లో వచ్చిన ఆ కారు 1.6 లీటర్ల ఇంజన్‌కు ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్ అమర్చి 163 హార్స్‌పవర్ రాబట్టినప్పుడు, మామూలు కూపర్‌లో 10కి పైగా ఉన్న కంప్రెషన్ రేషియోను (సిలిండర్‌లో గాలి, ఇంధనం ఎన్ని రెట్లు కుదించుకుంటాయో చెప్పే అంకె), నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) రాకుండా 8.3కి తగ్గించారు. ఈ ముఖ్యమైన సంగతిని వ్యాసం ప్రస్తావించనే లేదు.

ఈ ఎం45 లాంటి రూట్స్ రకం సూపర్‌ఛార్జర్ గాలిని తనలో కుదించదు. మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లోకి) నెట్టి అక్కడ ఒత్తిడి పెంచుతుంది. అందువల్ల చిన్న పుల్లీతో దాని వేగం పెరిగేకొద్దీ గాలి బాగా వేడెక్కి నాకింగ్‌కు దారితీస్తుంది. సెన్సర్ దాన్ని పసిగట్టగానే ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, ఆలస్యం చేస్తుంది కాబట్టి, పెరిగిన శక్తిలో కొంత అక్కడే హరించుకుపోతుంది. పైగా ఆ గాలిని చల్లబరచాల్సిన ఇంటర్‌కూలర్ ఇంజన్ నెత్తిమీదే ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అది చల్లబరచడం మాట అటుంచి, తానే వేడెక్కుతుంది. మినీ శక్తిని పెంచే జాన్ కూపర్ వర్క్స్ కిట్‌లో 200 హార్స్‌పవర్ కోసం పుల్లీతోపాటు సిలిండర్ హెడ్‌ను, ఈసీయూ సాఫ్ట్‌వేర్‌ను కూడా మార్చింది అందుకే.

ఇంకొక్క మాట చేర్చాలి. ఈ ఇంజన్‌లో వాటర్ పంప్‌ను తిప్పేది కూడా సూపర్‌ఛార్జరే. దాని గేర్లకు విడిగా ఆయిల్ ఉంటుంది, ఇంజన్ ఆయిల్ మార్చినంత మాత్రాన అది మారదు. చిన్న పుల్లీతో ఆ గేర్లు మరింత వేగంగా తిరుగుతాయి కాబట్టి, పాత కారుకు దాన్ని వేయదలచినవారు ముందుగా ఆ ఆయిల్‌ను తప్పక పరీక్షించుకోవాలి.